ప్రయోజనకరమైన విద్య ఏది? సూర్యుని గాలిని కొలవడం గురించి

గత మాసం కైకలూరు ప్రాంతం నుండి ఒక సోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. చేపల చెరువుల మీద ఆధారపడిన కుటుంబం వారిది. పెద్దమ్మాయి ఏలూరులో భౌతికశాస్త్రంతో డిగ్రీ పూర్తిచేసింది, ఇంకా పైచదువుకు వెళతానంటోంది. ఏం చదువుతావమ్మా అని తండ్రి అడిగితే, అంతరిక్ష నౌకలు పంపే రేడియో సంకేతాల సాయంతో సూర్యుని నుండి వీచే గాలిని కొలిచే విద్య నేర్చుకోవాలని ఉందని చెప్పిందట. “మౌలానా! ప్రయోజనం లేని జ్ఞానం నుండి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు కోరేవారని మీరే జుమా ప్రసంగంలో చెప్పారు. సూర్యుని గాలిని కొలిస్తే మా చెరువులో ఒక్క చేపైనా అదనంగా పెరుగుతుందా? ఈ చదువు ఏ కోవలోకి వస్తుంది?” అన్నది వారి ప్రశ్న.

ఈ ఉత్తరంలో పరిహాసం ఏమీ లేదు. అప్పుచేసి చెరువుకు మేత వేస్తూ, మరోవైపు కూతురి భవిష్యత్తు గురించి ఆలోచించే తండ్రి ఆందోళన అది. కనుక ఔననో కాదనో ఒక్క మాట వ్రాసి పంపివేయడం మాకు న్యాయమనిపించలేదు. విషయం ఏమిటో తెలియకుండా దానిపై తీర్పు చెప్పవద్దని మా ఉస్తాదులు మాకు నేర్పారు. అందుచేత మద్రసాలో గణితం చెప్పే యువకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ముందుగా ఆ విద్య ఏమిటో మేమే కొంత చదువుకున్నాము. చదివినదాన్ని ఈ మాసం పాఠకులందరి ముందూ పెడుతున్నాము.

సూర్యుడు మనకు వెలుగును, వేడిమిని మాత్రమే పంపుతున్నాడని అనుకుంటాము. వాటితోపాటు విద్యుదావేశం గల అతి సూక్ష్మమైన కణాలు, అంటే ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు, రేయింబవళ్ళు అన్ని దిక్కులకూ వెలువడుతూనే ఉంటాయి. దీనినే సౌరపవనం అంటారు. భూమి దగ్గరికి చేరేసరికి దీని వేగం సాధారణంగా సెకనుకు 400 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఏలూరు నుండి తాడేపల్లిగూడేనికి రెప్పపాటులో పోగల వేగం అది. అయినా సూర్యునికీ మనకూ మధ్యనున్న 15 కోట్ల కిలోమీటర్లు దాటడానికి దానికి నాలుగు రోజులు పడుతుంది. గాలి అన్నామే గాని, మన చెంపకు తగిలే గాలితో దీనికి పోలిక లేదు. ఒక ఘన సెంటీమీటరు చోటులో ఐదారు కణాలు ఉంటే ఎక్కువ. మనం పీల్చే గాలిలో అంతే చోట కోట్ల కోట్లకు మించిన అణువులు ఉంటాయి.

ఈ పవనం పుట్టేది సూర్యుని చుట్టూ ఉన్న పలుచని ప్రకాశ కిరీటంలో. దాని శాస్త్రీయ నామం కరోనా. ఆ పేరు వినగానే మన ఇళ్ళలో 2020వ సంవత్సరం గుర్తుకు వచ్చి గుండె జల్లుమంటుంది గాని, ఆ మాటకు అసలు అర్థం కిరీటమే. సంపూర్ణ సూర్యగ్రహణం నాడు తప్ప అది మామూలు కంటికి కనబడదు. దాన్ని చూడడానికి ఒకప్పుడు ప్రపంచం మన వాకిటికే వచ్చింది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ గ్రహణపు ఛాయ మన తీరాంధ్ర మీదుగా సాగింది. ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు నక్షత్రశాలకు చెందిన పోగ్సన్ మన కొల్లేటికి పొరుగునే ఉన్న మచిలీపట్నంలో దుర్భిణిని నిలిపాడు. అదే నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుండి చూశాడు. ఆ రోజు సూర్యుని అంచున చూసిన ఒక పసుపుపచ్చని గీత, తరువాతి పరిశోధనల మీదట, అంతవరకు ఎవరూ ఎరుగని హీలియం అనే మూలకానికి దారిచూపింది. ఆ రోజున మన పల్లెలలో ఎన్ని తలుపులు బిగించుకుని ఉంటాయో, ఎందరు గర్భవతులను కదలకుండా పడుకోబెట్టి ఉంటారో ఊహించగలము. నేటికీ మన ముస్లిం కుటుంబాలలో సైతం ఆ అలవాటు పూర్తిగా పోలేదు. దైవప్రవక్త (స) ముద్దుల కుమారుడు హజ్రత్ ఇబ్రాహీం (రజి) మరణించిన నాడే సూర్యగ్రహణం పట్టింది. ఆ చిన్నారి మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనులు చెప్పుకోసాగారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆ మహనీయుడు ఆ మాటను ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలని, ఎవరి చావుపుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదని ప్రకటించి, జనులను నమాజుకు నిలబెట్టారు.

సరే, గాలి మాటకు వద్దాము. తోకచుక్కల తోకలు ఎప్పుడూ సూర్యునికి ఎదురు దిక్కుకే వాలి ఉండడం చూసి, సూర్యుని నుండి ఏవో కణాలు వెలువడుతున్నాయని జర్మనీకి చెందిన బీర్‌మన్ 1951 ప్రాంతంలో వాదించాడు. 1958లో అమెరికా యువ శాస్త్రవేత్త యూజీన్ పార్కర్, ఆ కిరీటపు వేడిమి కారణంగా అక్కడి పదార్థం నిలకడగా ఉండలేదని, ధ్వనివేగాన్ని మించి బయటికి ప్రవహించి తీరుతుందని లెక్కగట్టి వ్యాసం పంపాడు. పరిశీలించిన పండితులిద్దరూ దాన్ని తిరస్కరించారు. ఆ పత్రికకు సంపాదకుడు మన భారతీయుడైన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆయనకు కూడా ఆ భావన రుచించలేదు. అయినా పండితులిద్దరూ లెక్కలో ఒక్క తప్పునైనా చూపలేకపోయారు గనుక వ్యాసాన్ని ప్రచురించాడు. నాలుగేళ్ళకు, 1962లో, శుక్రగ్రహం వైపు వెళ్ళిన మారినర్-2 నౌక ఆ గాలిని స్వయంగా కొలిచి పార్కర్ మాట నిజమని తేల్చింది. తనకు నచ్చని వాని విషయంలో సైతం న్యాయం తప్పరాదన్నది దివ్యఖుర్ఆన్ విశ్వాసులకు ఇచ్చిన ఆజ్ఞ. మన సంఘాల సమావేశాలలో, మసీదు కమిటీలలో ఈ గుణం ఎంత కరువైపోయిందో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి నేర్చుకోదలచిన విద్య. సూర్యుని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలు. దానిపైనున్న కిరీటం వేడి మాత్రం పది లక్షల డిగ్రీలకు పైమాటే. పొయ్యి నుండి దూరం జరిగిన కొద్దీ సెగ పెరగడం వంటి విడ్డూరం ఇది. దీని కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. గాలి వేగం పుంజుకునేది కూడా అక్కడే, సూర్యునికి దగ్గరలోనే. ఆ చోటికి పోయి కొలవడం అతి కష్టం. పార్కర్ పేరిటనే 2018లో అమెరికా పంపిన నౌక 2024 డిసెంబరు 24న సూర్యుని ఉపరితలానికి సుమారు 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి పోయింది గాని, అది ఒక వేళకు ఒక్క చోటనే ఉండగలదు. మరి మిగిలిన చోట్ల సంగతి?

ఇక్కడే మాకు మా హదీసు పాఠం గుర్తుకు వచ్చింది. ఒక ఉస్తాదు నుండి పదిమంది శిష్యులు ఒక హదీసును విని చెబుతారు. తొమ్మండుగురు ఒకే విధంగా చెప్పి, ఒకరు మాత్రం ఒక పదం మార్చి చెబితే, ముహద్దిసులు ఆ తేడాను చూసి ఆ రావీ జ్ఞాపకశక్తి ఎంతటిదో నిర్ణయిస్తారు. ఉస్తాదు అన్నమాట ఖచ్చితంగా తెలిసి ఉంది గనుక, మనకు చేరిన మాటలోని తడబాటు మధ్యనున్న వ్యక్తి సంగతిని బయటపెడుతుంది. రేడియో సంకేతాల పద్ధతీ ఇటువంటిదే. నౌక పంపే సంకేతం పౌనఃపున్యం ఎంతో ముందే తెలుసు. నౌక ఏ వేగంతో ఎటు పోతున్నదో, భూమి ఏ వేగంతో తిరుగుతున్నదో కూడా తెలుసు. ఏలూరు స్టేషనులో ఆగకుండా దూసుకుపోయే రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒక రకంగా, దాటిపోయాక మరొక రకంగా వినిపించినట్లే, ఈ కదలికల వల్ల సంకేతంలోనూ మార్పు వస్తుంది. ఆ మార్పును లెక్కకట్టి తీసివేస్తారు. అప్పటికీ ఇంకా ఏదైనా తడబాటు మిగిలితే, అది దారిలో తగిలిన సౌరపవనపు చేతివాటమే. దట్టమైన ఎలక్ట్రాన్ల గుంపులు సంకేతాన్ని ఒకింత కదిలిస్తాయి, పలుచని చోట్లు మరొకలా కదిలిస్తాయి. ఆ కంపనాలు ఎంత పెద్దవో, ఎంత తరచుగా వస్తున్నాయో పరిశీలిస్తే గాలిలోని అల్లకల్లోలం స్వరూపం తెలుస్తుంది.

దీనికి నౌక సూర్యునికి ఆవలి పక్కకు పోవాలి. అప్పుడే దాని సంకేతం సూర్యుని పక్కగా ఒరుసుకుంటూ మనకు చేరుతుంది. అంగారకుడు సుమారు 26 నెలలకు ఒకసారి అలా సూర్యుని వెనుకకు పోతాడు. మన మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి, అంటే పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న మన రాష్ట్రపు దీవి నుండే బయలుదేరింది. 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. మరుసటి ఏడాది జూన్ నెలలో అంగారకునితోపాటు సూర్యుని వెనుకకు చేరింది. అప్పుడు దానికీ మనకూ మధ్య దూరం సుమారు 38 కోట్ల కిలోమీటర్లు, సంకేతం చేరడానికి 21 నిమిషాలు. సూర్యుడు అడ్డురావడంతో సుమారు పదిహేను రోజులు దానికి ఆదేశాలు పంపడం మానుకున్నారు.

నౌకను నడిపేవారికి అవి ఆందోళనతో కూడిన రోజులు. గాలిని చదివేవారికి అవే పంటకాలం. బెంగుళూరు సమీపాన బ్యాలాలు అనే ఊరిలో 32 మీటర్ల వెడల్పు గల పళ్ళెం వంటి యాంటెన్నా ఉంది. 2015 మే, జూన్ మాసాలలో అది పట్టిన సంకేతాలను రిచా జైన్, ఆర్.కె. చౌధురి, వారి సహచరులు విశ్లేషించి, 2022లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి ‘మంత్లీ నోటీసెస్’లో ప్రకటించారు. (అది కూడా పేరుకు మాసపత్రికే!) సూర్యుని నుండి సుమారు 4 మొదలు 20 సౌర వ్యాసార్ధాల దూరం వరకు వారు పరిశీలించారు. ఒక సౌర వ్యాసార్ధం అంటే దాదాపు ఏడు లక్షల కిలోమీటర్లు. సుమారు పది వ్యాసార్ధాలకు లోపల గాలి అల్లకల్లోలం ఒక తీరుగా ఉంటుందని, వెలుపల మరొక తీరుగా స్థిరపడుతుందని వారు చూశారు. లోపలి భాగంలోనే పవనానికి శక్తి అందుతున్నదని, అక్కడే అది వేగం పుంజుకుంటున్నదని దీనివల్ల తెలుస్తున్నది. 2021లో జపాను వారి అకత్సుకి నౌక శుక్రగ్రహంతోపాటు సూర్యుని వెనుకకు పోయినప్పుడు కూడా బ్యాలాలు యాంటెన్నా దాని సంకేతాలను పట్టింది.

ఇందులో మమ్మల్ని ఆకర్షించిన సంగతి ఒకటుంది. మంగళయాన్‌ను సౌరపవనం కోసం పంపలేదు. ఈ పనికి దానిలో ప్రత్యేక పరికరం ఏదీ లేదు. మాట చేరవేయడానికి ఉన్న సంకేతమే కొలబద్ద అయింది. ఆరు నెలలు పనిచేస్తే చాలునని పంపిన నౌక ఎనిమిదేళ్ళ వరకు పనిచేసింది. ఇతరులు చెడిపోయిన మాటగా పారవేసే దానిని భద్రపరచి చదవడంలోనే ఈ విద్య అంతా ఉంది. సూర్యుని నుండి రేడియో తరంగాలు వస్తున్నాయన్న సంగతి బయటపడిందీ ఇలాగే. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరిలో, బ్రిటిషు రాడార్లలో హోరు పుట్టింది. శత్రువు పన్నాగమని అందరూ అనుకుంటుండగా, హే అనే శాస్త్రవేత్త అది సూర్యుని నుండి వస్తున్నదని గుర్తించాడు. తాడేపల్లిగూడెంలో ఆ యుద్ధకాలపు విమానాల రన్‌వేను చూసినవారు, ఆ రోజులలో ఆకాశం వైపు ఎంత భయంతో చెవి ఒగ్గేవారో ఊహించుకోవచ్చు.

గాలి వేగాన్ని కనుగొనే మార్గం కూడా ఒకటి చెబుతాము. ఉప్పుటేరులో కొట్టుకుపోయే గుర్రపుడెక్క ఒక గుంజను దాటిన వేళ, కొంత దూరంలోని రెండవ గుంజను దాటిన వేళ చూసుకుంటే ప్రవాహ వేగం తెలిసిపోతుంది. అలాగే ఒకే రేడియో మూలాన్ని రెండు మూడు చోట్ల నుండి చూసి, మిణుకుమిణుకుమనే తీరు ఒక చోటు నుండి మరొక చోటికి ఎంత ఆలస్యంగా వచ్చిందో గమనించి సౌరపవన వేగాన్ని లెక్కిస్తారు. నౌకలే అక్కరలేదు, సుదూరపు రేడియో తారలైనా సరిపోతాయి. ఈ మిణుకును 1964లో ఇంగ్లండులో హ్యూయిష్ బృందం వెల్లడించింది. మన దేశంలో ఊటీ కొండవాలు మీద 1970లో గోవింద స్వరూప్ నిర్మించిన 530 మీటర్ల పొడవు రేడియో దుర్భిణి దశాబ్దాలుగా ఈ పని చేసింది. హ్యూయిష్ ఈ మిణుకు కోసమే కట్టించిన యాంటెన్నాల వద్ద జోసెలిన్ బెల్ అనే విద్యార్థిని 1967లో, కాగితాల కట్టలలో ఒక చిన్న గీతను వదిలివేయక పట్టుకుని, పల్సార్లను కనుగొన్నది. 1974లో నోబెల్ బహుమతి మాత్రం ఆమె గురువుకు ఇచ్చారు. గుర్తించడంలో అన్యాయం మన సమాజంలోనే ఉందనుకునేవారు ఈ సంగతిని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ప్రయోజనం. సోదరుని ప్రశ్న చేపల గురించి గనుక చేపలతోనే మొదలుపెడతాము. తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు పడిపోయి చేపలు నోళ్ళు తెరచి పైకి తేలే ఘడియలో కరెంటు పోతే, ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో వారికి మేము చెప్పనక్కరలేదు. 1989 మార్చి 13న ఒక సౌర తుఫాను కెనడాలోని క్యుబెక్ రాష్ట్రపు విద్యుత్తు వ్యవస్థను కూల్చివేసింది. అరవై లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకటిలో ఉన్నారు. అంతమాత్రాన కొల్లేటి చెరువులకు అటువంటి ముప్పు పొంచి ఉందని మేము భయపెట్టము. ధ్రువాలకు దగ్గరలోని దేశాలకే ఆ ప్రమాదం అధికం, మన అక్షాంశాలలో అది చాలా తక్కువ. అయితే సముద్రంలో పడవలకు దారిచూపే జీపీయస్ సంకేతాలు, విమానాల రేడియో, ఉపగ్రహాల ఆయువు వంటివి మనవైపున కూడా ఈ గాలి దయాదాక్షిణ్యాల మీద ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుఫానుకే అమెరికాలో అప్పుడే ప్రయోగించిన సుమారు నలభై ఉపగ్రహాలు నేలరాలాయి. గాలి ఎక్కడ వేగం పుంజుకుంటుందో తెలిస్తేనే తుఫాను రాకను ముందుగా చెప్పగలరు.

2024 మే 10, 11 తేదీలలో పెద్ద సౌర తుఫాను వచ్చి లడాఖ్ ఆకాశం ఎర్రబారింది. ఆ రెండు రోజులూ మా ఫోనుకు వచ్చిన సందేశాలకు లెక్కలేదు. కొందరు సెల్‌ఫోన్లు ఆపి దూరంగా పెట్టమన్నారు, కొందరు ప్రళయ సూచన అన్నారు. మరికొందరు, మనవారే, సూరతుజ్జారియాత్‌లో అల్లాహ్ ప్రమాణం చేసిన గాలులు ఇవేనని, పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే చెప్పబడిందని గొప్పగా వ్రాశారు. మేము దీనిని అంగీకరించము. ధూళిని ఎగరవేసే గాలులుగానే సహాబాల నాటి నుండి దాని భావం వస్తున్నది. దివ్యవాక్కును నిన్నటి వార్తాపత్రికతో ముడివేస్తే, రేపు శాస్త్రజ్ఞులు లెక్క సవరించుకున్న నాడు ఆ ముడి ఎవరు విప్పుతారు? ఇతరులు చెమటోడ్చి కనుగొన్న తరువాత అది మా గ్రంథంలో ఉన్నదేనని చెప్పడం గ్రంథానికి గౌరవం కాదు. ఆకాశాల గురించి యోచించమన్న ఆదేశాన్ని పాటించి ఒక్క బిడ్డ లెక్కలు నేర్చుకున్నా మేలు.

ప్రయోజనం లేని జ్ఞానం అంటే మా పెద్దలు మాకు బోధించిన భావం వేరు. ఆచరణకు రాని జ్ఞానం, అహంకారం పెంచే జ్ఞానం, మనుషులకు హాని చేసే జ్ఞానం. చెరువుకు వెంటనే పనికిరాని ప్రతి విద్యా ఆ జాబితాలో చేరదు. ఇమాం గజాలీ (రహ్మలై) తమ ఇహ్యా గ్రంథంలో వైద్యాన్ని, గణితాన్ని ఫర్జె కిఫాయాలో చేర్చారు. అంటే ఊరిలో కొందరైనా నేర్చుకోకపోతే అందరూ దోషులే. ఊళ్ళలో ముస్లిం వైద్యులు కరువై ఉండగా అందరూ ఫిఖ్హ్ వివాదాల వెంటబడుతున్నారని ఆ మహానుభావుడు తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే బాధపడ్డారు. ఆయన మందలింపు మావంటి మద్రసా ఉపాధ్యాయులకే ముందుగా తగులుతుంది.

కైకలూరు సోదరా! 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌక నేడు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి సౌరపవనాన్ని కొలుస్తున్నది. ఆ కార్యక్రమానికి ప్రాజెక్టు డైరెక్టరుగా పనిచేసినవారు నిగార్ షాజీ. తమిళనాడులోని సెంగోట్టైలో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన మన సోదరి. ఆమె పేరు చెప్పుకుని మురిసిపోవడానికి దీనిని వ్రాయడం లేదు. ఆమె తండ్రి కూడా ఒకనాడు మీవలెనే గడపలో నిలబడి ఆలోచించి ఉంటారని వ్రాస్తున్నాము. మీ అమ్మాయికి ఫీజు ఎంత, హాస్టలు ఎటువంటిది, నమాజుకు, భోజనానికి వీలుందా, స్కాలర్‌షిప్పు వస్తుందా అన్నవి తండ్రిగా మీరు తప్పక అడగవలసిన ప్రశ్నలు. వాటిని ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి. 2015 నుండి తాడేపల్లిగూడెంలోనే నిట్ ఉంది. అక్కడి అధ్యాపకులను ఒకరిని కలిసి, ఈ దారిలో ఏయే పరీక్షలు వ్రాయాలో కనుక్కోవచ్చు. పెళ్ళి సంబంధాల మాట ఉత్తరం చివర వ్రాశారు. ఆ విషయంలో అమ్మాయి సమ్మతి అడగడం షరీఅత్ విధించిన షరతే గనుక, చదువు మాట కూడా అప్పుడే అడగండి.

గ్రహణం గురించి వ్రాశాము గనుక ఒక సంగతి తెలియజేస్తాము. 2027 ఆగస్టు 2, సోమవారం నాడు సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ మక్కా నగరం మీదుగా సాగనున్నది. ఇన్షా అల్లాహ్, ఆ రోజు హరమ్ షరీఫ్‌లో ఉన్నవారికి సుమారు ఐదు నిమిషాలపాటు సూర్యుని ప్రకాశ కిరీటం కంటికి కనబడుతుంది. ఆ వేళకు అక్కడ సలాతుల్ కుసూఫ్ జరుగుతుంది. ఉమ్రాకు పోదలచినవారు గ్రహణం చూసే కళ్ళజోడును ఇహ్రామ్ వస్త్రాలతోపాటు సంచిలో పెట్టుకోవడం మంచిది. సూర్యుడు పూర్తిగా మూసుకుపోని క్షణాలలో దాన్ని ధరించకుండా పైకి చూడరాదు.